ఆడియో చిప్పుకు శుభ్రమైన కరెంటు

సంఖ్యల రూపంలో ఉన్న పాటను చెవికి వినపడే పాటగా మార్చే చిప్పును డీఏసీ అంటారు. మైకు నుంచో, క్యాసెట్టు నుంచో వచ్చే శబ్దాన్ని సంఖ్యలుగా మార్చేది ఏడీసీ. రెండు రకాల చిప్పులూ ఇప్పుడు చిన్న బోర్డుల మీద అమర్చి, కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచో చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో తెచ్చుకునేవారు కొందరు, కొరియరులో తెప్పించుకునేవారు మరికొందరు. కానూరు, గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థి ప్రాజెక్టులకైనా, అటక మీది హరికథల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకోవాలన్న ఇంటి ముచ్చటకైనా ఈ బోర్డులు చాలు. బోర్డుకు కరెంటు పెట్టగానే పాట వస్తుంది. పాట వెనకాలే గుర్రుమనే మోతో, సన్నని కీచో, టిక్కు టిక్కుమనే చప్పుడో కూడా వస్తుంది. తప్పు చిప్పుది కావడం అరుదు. ఆ రొద చాలావరకు కరెంటు వెంట వచ్చినదే.

మామూలు డిజిటల్ చిప్పుకు సరఫరా వోల్టేజి కాస్త అటూ ఇటూ ఊగినా పట్టింపు లేదు. ఒకటి ఒకటిగానే ఉంటుంది, సున్నా సున్నాగానే ఉంటుంది. ఆడియో మార్పిడి చిప్పు పని వేరు. డీఏసీ అయితే ప్రతి సంఖ్యనూ రిఫరెన్స్ అనే ఒక స్థిరమైన వోల్టేజితో గుణించి బయటికి పంపుతుంది, ఏడీసీ అయితే లోపలికి వచ్చిన శబ్దాన్ని రిఫరెన్స్‌తో పోల్చి సంఖ్యగా మారుస్తుంది. చవక చిప్పులు చాలావాటిలో ఆ రిఫరెన్స్ నేరుగా సరఫరా నుంచే పుడుతుంది. పీసీఎం 1808 అనే ఏడీసీని తీసుకుంటే, దాని 5 వోల్టుల సరఫరాలో సరిగ్గా సగం, అంటే 2.5 వోల్టులు, రిఫరెన్స్‌కు కేటాయించిన కాలు మీద కనిపిస్తుంది. సరఫరా ఊగితే రిఫరెన్స్ ఊగుతుంది, రిఫరెన్స్ ఊగితే పాట ఊగుతుంది. కాబట్టి ఈ చిప్పుల విషయంలో సరఫరా అంటే చిప్పును నడిపే కరెంటు మాత్రమే కాదు, శబ్దంలో ఒక భాగం కూడా.

రొద చిప్పులోకి రెండు రకాలుగా చేరుతుంది. మొదటి రకం పాటకు కలుస్తుంది. పాట ఆగినా అది వినపడుతూనే ఉంటుంది. రెండో రకం పాటను గుణిస్తుంది. పాట లేనప్పుడు గుణించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ రొద నిశ్శబ్దంలో వినపడదు. పాట మొదలవగానే ప్రతి స్వరానికీ అటూ ఇటూ నీడలా అంటుకుంటుంది. వీణ తీగ మోగినప్పుడు గరుకుగా, మసకగా తోస్తుంది. నిశ్శబ్దంలో చెవి ఆనించి, ఏమీ వినపడలేదు కాబట్టి సరఫరా బాగుందని తేల్చుకుంటే ఈ రెండో రకం తప్పించుకుపోతుంది. పైగా కొన్ని డీఏసీలు వరసగా సున్నాలు వస్తుంటే తమంతట తామే నోరు మూసుకుంటాయి. పీసీఎం 5102ఏ అలాంటిదే. ఆ నిశ్శబ్దం చిప్పు తెచ్చిపెట్టుకున్నది, సరఫరా మంచితనం కాదు.

ఎంత శుభ్రత కావాలో లెక్క చూస్తే తెలుస్తుంది. పీసీఎం 5102ఏ పూర్తి శబ్దానికి 2.1 వోల్టులు ఇస్తుంది. దాని సొంత రొద అంతకు 112 డెసిబెల్స్ కింద ఉంటుందని తయారీదారు చెబుతాడు. 112 డెసిబెల్స్ అంటే సుమారు నాలుగు లక్షల వంతు. 2.1 వోల్టుల్లో నాలుగు లక్షల వంతు అంటే 5 మైక్రోవోల్టులు. మామూలు ఫోను చార్జరు ఇచ్చే 5 వోల్టుల మీద 50 మిల్లీవోల్టుల అల ఉండటం వింతేమీ కాదు. అది 5 మైక్రోవోల్టులకు పదివేల రెట్లు. ఈ పదివేల రెట్లను, అంటే 80 డెసిబెల్స్‌ను, చార్జరుకూ చిప్పు అవుట్‌పుట్‌కూ మధ్య ఎక్కడో ఒకచోట తగ్గించాలి. అయితే అన్ని పనులకూ ఇంత పట్టుదల అక్కర్లేదు. పాత క్యాసెట్టులో టేపు బుస ఎంత ఉంటుందంటే, దాన్ని ఎక్కించుకునే ఏడీసీకి 99 డెసిబెల్స్ ఉన్నా అందులో సగానికి కాస్త పైగా మాత్రమే అక్కరకు వస్తుంది. కాకపోతే బుసను చెవి క్షమిస్తుంది, ఒకే శ్రుతిలో సాగే మోతను క్షమించదు.

ఇక ఆ మోతలు పుట్టే చోట్లు. ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నుంచి వచ్చినా, నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చినా ఇంటికి చేరే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తాలు. ట్రాన్స్‌ఫార్మరు తర్వాత నాలుగు డయోడ్లు పెడితే ప్రతి ఆవృత్తంలోని రెండు సగాలూ ఒకే వైపుకు తిరుగుతాయి కాబట్టి అల సెకనుకు 100 సార్లు వస్తుంది. అందుకే కెపాసిటరు చాలని సరఫరా 100 హెర్ట్జ్‌ల దగ్గర గరగరలాడుతుంది. 50 హెర్ట్జ్‌ల మెత్తని మోత వినిపిస్తే దాని మూలం వేరు. అది ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రమో, గ్రౌండ్ తీగల చుట్టో అయి ఉంటుంది. ఈ రెండు మోతలనూ చెవితో విడదీయడం నేర్చుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

స్విచింగ్ అడాప్టర్లది మరో తీరు. అవి సెకనుకు వేల, లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటూ పనిచేస్తాయి. ఆ వేగం చెవికి అందదు. అయితే రెండు ఆంపియర్ల చార్జరుకు ముప్పై మిల్లీఆంపియర్ల చిన్న బోర్డును తగిలిస్తే, చార్జరు కాసేపు పనిచేసి కాసేపు ఆగే పద్ధతిలోకి వెళ్తుంది. ఆ ఆగడం, సాగడం చెవికి అందే శ్రుతిలోనే జరుగుతుంది. పెద్ద చార్జరు పెడితే శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. కంప్యూటరు యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకుంటే సెకనుకు 1000 సార్లో, 8000 సార్లో జరిగే డేటా రాకపోకలు సన్నని కీచుగా వినపడతాయి. ఈఎస్‌పీ 32 వంటి వైఫై బోర్డు పక్కనే ఉంటే, రూటరు సెకనుకు దాదాపు పది సార్లు పంపే పిలుపుకు అది మేలుకున్నప్పుడల్లా కరెంటు ఒక్కసారిగా పెరిగి, టిక్కు టిక్కుమంటుంది.

ఏ అడాప్టరు ఎంత రొద చేస్తుందో కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బ్యాటరీతో నడిచే మీడియం వేవ్ రేడియో సెట్టు చాలు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారాలు కృష్ణా డెల్టాలో 837 కిలోహెర్ట్జ్‌ల మీద బలంగా వినిపిస్తాయి కాబట్టి ముల్లును ఆ చోటి నుంచి తప్పించి, ఏ స్టేషనూ లేని ఖాళీ జాగాలో నిలపాలి. అడాప్టరుకు మామూలుగా ఉండే లోడు తగిలించి, రేడియోను దాని దగ్గరికి జరపాలి. రేడియోలోని ఫెర్రైట్ కడ్డీ యాంటెన్నా అడాప్టరు చిమ్మే రొదను పట్టుకుని జుయ్‌మంటుంది. ఒక అడాప్టరు జానెడు దూరంలోనే సద్దుమణుగుతుంది, మరొకటి గదంతా నింపుతుంది. బోర్డు తీగల వెంట రేడియోను నడిపిస్తే రొద ఎంతవరకు పాకిందో కూడా తెలుస్తుంది. ఎఫ్‌ఎం సెట్టు ఈ పనికి రాదు.

రొద తక్కువగా కావాలంటే పాతకాలపు ఇనుప ట్రాన్స్‌ఫార్మరు ఇప్పటికీ మంచి ఎంపిక. అయితే కృష్ణా డెల్టాలో దానికి ఒక చిక్కుంది. రొయ్యల, చేపల చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ తగ్గే రాత్రి వేళ నుంచి తెల్లవారుజాము దాకా ఏరేటర్లు తిరుగుతాయి. వేసవిలో ఇళ్లలో ఏసీలు తోడవుతాయి. లైను చివరనున్న ఊళ్లో వోల్టేజి 200 దాకా జారిందనుకుంటే, 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు 5.2 వోల్టులే ఇస్తుంది. డయోడ్ల నష్టం పోను కెపాసిటరు మీద శిఖరం 6 వోల్టులు మాత్రమే. వోల్టేజిని స్థిరంగా నిలిపే 7805 రెగ్యులేటరు సరిగ్గా పనిచేయాలంటే దానికి కనీసం 7 వోల్టులు అందాలి. అంతకు తగ్గితే అది నియంత్రణ వదిలేస్తుంది, 100 హెర్ట్జ్‌ల అల అడ్డూ ఆపూ లేకుండా చిప్పును చేరుతుంది. పగలంతా శుభ్రంగా పాడిన పెట్టె తెల్లవారుజామున గుర్రుమనడానికి కారణం ఇదే. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెడితే మెయిన్స్ 170కి పడినా శిఖరం 8 వోల్టులు ఉంటుంది. ఆ శిఖరం నుంచి అల లోతును తీసేస్తే మిగిలేదే రెగ్యులేటరుకు అసలు ఆధారం. 100 మిల్లీఆంపియర్ల లోడుకు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు మీద అల సుమారు ఒక వోల్టు ఉంటుంది. 2200 పెడితే అర వోల్టుకు దిగుతుంది. కరెంటు పోయినప్పుడు చదరపు అల ఇచ్చే చవక ఇన్వర్టరు మీద నడిస్తే మోత స్వభావమే మారి మరింత గరుకవుతుంది. దానికి చిప్పు దగ్గర చేయగలిగింది తక్కువ.

రెగ్యులేటర్లలో ఎల్‌ఎం 317కు ఒక సుగుణం ఉంది. అడ్జస్ట్ కాలు నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒక్కటి చేర్చితే అల అణచివేత 65 డెసిబెల్స్ నుంచి 80కి పెరుగుతుంది. రెండు రూపాయల భాగానికి ఇంత లాభం ఇంకెక్కడా రాదు. చవక బోర్డుల్లో తరచూ కనిపించే ఏఎంఎస్ 1117కు మాత్రం సొంత రొద కాస్త ఎక్కువ. దాని ముందూ వెనకా దాదాపు ఒక వోల్టు పైచిలుకు తేడా ఉండాలి, పైగా అవుట్‌పుట్ కెపాసిటరుకు కొంత అంతర్నిరోధం కావాలి. టాంటలం తీసేసి ఒట్టి సిరామిక్ పెడితే రెగ్యులేటరే డోలనంలో పడి కొత్త రొద పుట్టించవచ్చు. ఆడియో చిప్పు అనలాగ్ కాలుకు ఎల్‌పీ 5907 వంటి చిన్న రెగ్యులేటరు నప్పుతుంది. దాని సొంత రొద 6.5 మైక్రోవోల్టులు, 1000 హెర్ట్జ్‌ల దగ్గర అలను 82 డెసిబెల్స్ మేర అణచుతుంది, 250 మిల్లీఆంపియర్లు ఇవ్వగలదు. అంతకన్నా పైన ఎల్‌టీ 3042 ఉంది, రొద 0.8 మైక్రోవోల్టు. అలాంటి రెగ్యులేటరును బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి, జానెడు తీగలతో చిప్పుకు కలపడం డబ్బు దండగ.

రెగ్యులేటర్లన్నింటికీ ఒక బలహీనత ఉంది. 100 హెర్ట్జ్‌ల దగ్గర గోడలా నిలిచేది లక్షల హెర్ట్జ్‌ల దగ్గర జల్లెడ అవుతుంది. స్విచింగ్ అడాప్టరు రొద ఉండేది అక్కడే. కాబట్టి రెగ్యులేటరుకు ముందే ఒక ఫిల్టరు కావాలి. చాలామంది ఫెర్రైట్ బీడ్ పెడతారు. బీడ్ పనిచేసేది పది కోట్ల హెర్ట్జ్‌ల చుట్టుపక్కల. అంతకు బాగా కింద అది ఒట్టి కాయిల్. సిరామిక్ కెపాసిటరుతో కలిసి ఏదో ఒక శ్రుతి దగ్గర రొదను తగ్గించకపోగా పెంచుతుంది. కొన్ని పదుల మిల్లీఆంపియర్లు మాత్రమే తాగే డీఏసీకి మామూలు రెసిస్టరు మేలు. 10 ఓమ్‌ల రెసిస్టరు, 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిస్తే 160 హెర్ట్జ్‌ల నుంచే అణచివేత మొదలవుతుంది. 20 మిల్లీఆంపియర్లకు పోయేది 0.2 వోల్టు. ఇది రెగ్యులేటరుకు ముందు ఉండాలి. తర్వాత పెడితే చిప్పు తాగే కరెంటు మారినప్పుడల్లా వోల్టేజి మారుతుంది.

చిప్పుకు రెండు మూడు సరఫరా కాళ్లు ఉంటాయి. డిజిటల్ కాలు కుదుపులతో కరెంటు తాగుతుంది, అనలాగ్ కాలు నిలకడగా తాగుతుంది. పీసీఎం 5102ఏలో చార్జ్ పంపుకు మరో కాలు, 3.3 వోల్టుల నుంచే రుణ వోల్టేజిని తయారుచేసుకుని గ్రౌండ్ మధ్యగా శబ్దం ఇచ్చే ఏర్పాటు అది. అనలాగ్ కాలుకు సొంత రెగ్యులేటరు ఇచ్చి, మిగతా రెండింటినీ మరోదాని మీద పెట్టడం పద్ధతి. క్లాకు ఇచ్చే ఆసిలేటరు ఉంటే దానికీ శుభ్రమైన సరఫరా కావాలి. 24.576 మెగాహెర్ట్జ్‌ల క్లాకు అంచులు సరఫరా రొద వల్ల ముందువెనకలైతే, సరైన సంఖ్య తప్పు క్షణంలో వోల్టేజి అవుతుంది. వినేవారికి అది కూడా రొదే.

చిప్పు పక్కన పెట్టే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు అందరికీ తెలిసినదే, అందరూ నిర్లక్ష్యం చేసేదీ అదే. ప్రకాశం బ్యారేజీ నిండా నీరున్నా కాలువ చివరనున్న దివిసీమ ఊరికి అడిగిన క్షణంలో అందదు. అందుకే కాలువ వదిలినప్పుడు ఊరి మంచినీటి చెరువు నింపి పెట్టుకుంటారు. చిప్పు నానోసెకన్లలో అడిగే కరెంటుకు ఆ చెరువు ఈ కెపాసిటరు. తీగకు సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల తీగ పది కోట్ల హెర్ట్జ్‌ల దగ్గర 30 ఓమ్‌లుగా అడ్డుపడుతుంది. కెపాసిటరును బోర్డు మూలన పెడితే అది ఉండీ లేనట్టే. సరఫరా కాలుకూ దాని పక్కనున్న గ్రౌండ్ కాలుకూ మధ్య, రెండు మూడు మిల్లీమీటర్లలో, నేరుగా టంకం వేయాలి. దాని పక్కన 10 మైక్రోఫారడ్లది మరొకటి.

ఇక్కడ సిరామిక్ కెపాసిటర్ల గుట్టు ఒకటి తెలిసి ఉండాలి. చిన్న సైజులో 10 మైక్రోఫారడ్లని రాసి ఉన్నది, తన మీద 5 వోల్టులు పడగానే సగం దాకా తగ్గిపోవచ్చు. పైగా ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కంపనానికి స్పందించి వోల్టేజి పుట్టిస్తుంది. స్పీకరు పెట్టెలోనే బోర్డు బిగిస్తే కెపాసిటరు తానే ఒక మైకు అవుతుంది. రిఫరెన్స్ కాలు మీద ఎలక్ట్రోలైటిక్ పెట్టి, దానికి చిన్న సిరామిక్ జత చేయడం వెనుక కారణం అదే.

ఎలక్ట్రోలైటిక్‌కు శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది తయారీదారులు వాడే లెక్క. మే నెలలో విజయవాడ గది వేడికి మూసిన పెట్టెలోని రెగ్యులేటరు వేడి తోడై 65 డిగ్రీలకు చేరిందనుకుంటే, 85 డిగ్రీలకు 2000 గంటలని రాసిన కెపాసిటరు 8000 గంటలు నిలుస్తుంది. ఆపకుండా నడిస్తే ఏడాదికి తక్కువ. 105 డిగ్రీల రకం అదే చోట 32,000 గంటలు ఉంటుంది. ధరలో తేడా స్వల్పం కాబట్టి కోస్తా ఊళ్లలో 85 డిగ్రీలది కొనడానికి కారణం కనిపించదు. బందరు వైపు ఉప్పుగాలికి యూఎస్‌బీ సాకెట్లు తుప్పు పట్టి, అక్కడే కొంత వోల్టేజి పోతుందన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

గ్రౌండ్ గురించి చెప్పే సలహాల్లో సగం పాతబడ్డాయి. అనలాగ్ గ్రౌండ్‌నూ డిజిటల్ గ్రౌండ్‌నూ బోర్డు మీద రెండుగా కోసి ఒక్కచోట కలపాలనేవారు. ఇప్పుడు ఎక్కువమంది డిజైనర్లు కోత లేని ఒకే రాగి పొరను ఉంచి, డిజిటల్ భాగాలను ఒక పక్కకూ అనలాగ్ భాగాలను మరో పక్కకూ సర్దుతున్నారు. కరెంటు వెళ్లిన దారికి కిందుగానే తిరిగి వస్తుంది. దాని దారికి అడ్డంగా కోత పెడితే చుట్టు తిరిగి అనలాగ్ భాగం మీదుగా పోతుంది. తీగలతో కట్టే పెట్టెలో మాత్రం పాత పద్ధతే మేలు: యాంప్లిఫయరు, డీఏసీ, వైఫై బోర్డుల గ్రౌండ్ తీగలు విడివిడిగా వచ్చి సరఫరా కెపాసిటరు దగ్గర కలవాలి. రెండు పిన్నుల అడాప్టరుకు ఎర్త్ ఉండదు. లోపల మెయిన్స్ వైపునూ అవుట్‌పుట్ వైపునూ కలిపే వై కెపాసిటరు ద్వారా సుమారు వంద మైక్రోఆంపియర్ల మెయిన్స్ కరెంటు ఆడియో గ్రౌండ్‌లోకి కారుతుంది. యాంప్లిఫయరు పెట్టెను చేత్తో తాకగానే మోత తగ్గితే అనుమానించాల్సింది ఈ కారుడునే. పెట్టెకు ఎర్త్ ఇస్తే అది పోతుంది.

బ్యాటరీ శుభ్రమైనదే, పవర్ బ్యాంకు కాదు. పవర్ బ్యాంకులో 3.7 వోల్టుల సెల్లును 5 వోల్టులకు పెంచే స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది, లోడు తక్కువైతే అది ఆరిపోతుంది కూడా. లిథియం అయాన్ సెల్లు నుంచి నేరుగా ఎల్‌పీ 5907కు ఇస్తే, 3.5 వోల్టుల దాకా 3.3 వోల్టులు ప్రశాంతంగా వస్తాయి. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లును రెగ్యులేటరు లేకుండా చిప్పుకు కలిపేవారున్నారు. చార్జింగ్ ముగిసిన వెంటనే 3.6 వోల్టుల చేరువలో ఉండే దాని వోల్టేజి పీసీఎం 5102ఏకు సిఫారసు చేసిన పరిధిని దాటుతుంది.

పరీక్షకు మల్టీమీటరు చాలదు, అది మైక్రోవోల్టులను చూడలేదు. పూర్తి స్థాయికి 60 డెసిబెల్స్ కింద ఉండే 1000 హెర్ట్జ్‌ల స్వరాన్ని డీఏసీతో వాయించి, చార్జరు తీసేసిన ల్యాప్‌టాప్ ఆడియో ఇన్‌పుట్‌తో రికార్డు చేసి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో స్పెక్ట్రమ్ గీయిస్తే శిఖరాలు కనిపిస్తాయి. స్వరం ఉన్నందున చిప్పు నోరు మూసుకోదు. తర్వాత పూర్తి స్థాయి స్వరం పెట్టి చూడాలి. దానికి 100 హెర్ట్జ్‌ల చొప్పున అటూ ఇటూ, అంటే 900 దగ్గరా 1100 దగ్గరా, మొలకలు లేస్తే రిఫరెన్స్ ఊగుతున్నట్టు. 8000 దగ్గరిది యూఎస్‌బీది. చివరగా సరఫరాను తీసేసి బ్యాటరీ పెట్టి అదే కొలత మళ్లీ తీయాలి. బ్యాటరీ మీద కూడా 50 హెర్ట్జ్‌ల శిఖరం కదలకుండా ఉంటే వెతకాల్సింది సరఫరాలో కాదు, యాంప్లిఫయరుకు వెళ్లే కేబులులోనూ దాని గ్రౌండ్‌లోనూ.